లైట్లన్నీ వెలిగినప్పుడు

కరెంటు పోయి వచ్చినప్పుడల్లా మా ఇంట్లో మోడెం లైట్లన్నీ ఒక్కసారిగా వెలుగుతాయి. నాకు నాచారం ఇల్లు, అక్క ఇంటర్ రిజల్ట్స్ వచ్చిన రోజు గుర్తొస్తాయి.

ఆ రోజు రిజల్ట్ చూద్దామంటే పొద్దున్నించీ నెట్ లేదు. నేను మోడెం ఆపి మళ్లీ వేసేదాన్ని. లైట్లన్నీ వెలగగానే "అక్కా, వచ్చింది!" అని అరిచేదాన్ని. అక్క పరుగెత్తుకొచ్చేది. అంతలో నెట్ వచ్చిందని చూపే డీఎస్ఎల్ లైటు ఆరిపోయేది.

నాన్న ఫోన్ చేస్తే సాయంత్రం టెలిఫోన్ లైన్‌మన్ వచ్చాడు.

"ఆన్ జేస్తే అన్నీ ఒకసారి వెలుగుతయి పాపా. అది ఉత్త టెస్టింగే," అన్నాడు. తర్వాత మోడెం వెనక చూసి, "లైన్ మంచిగనే ఉంది సార్. ఈ ఫోన్ వైరు ఎవరో గుంజిన్రు," అన్నాడు.

అక్క తలెత్తలేదు.

ఆ పరుగంతా ఆశ అనుకున్నాను. లైట్లనే చూస్తూ కూర్చున్నాను గానీ, అక్క ముఖం ఒక్కసారీ చూడలేదు.