ఎర్ర తువాలు ముక్కలు

మా మరిది పోయాడని కబురు వచ్చేసరికి ద్రాక్షతోటలో కోత ఇంకా మొదలుకాలేదు. ఏడుపుకంటే ముందు నాకు దిగులే పట్టుకుంది. ఇక ఆ తోట గతి ఏమిటి? దిగులు నాతోపాటే పుట్టింది, ఏం చేసేది.

రాయదుర్గం పక్కన, వాన మొహం చాటేసిన నేలలో, బోరునీళ్లతో ఆయన ద్రాక్ష పెంచాడు. తీగల కింద గడ్డి పీకనీయడు, మందు కొట్టనీయడు. ఆ పందిరి కింద ఉడుతలు, తొండలు, ముంగిసలు, ఇంకా నేను పేరు ఎరగని పురుగులు. ఓసారి నా కాళ్ల ముందు నుంచి జెర్రిపోతు పోతే కేక పెట్టాను.

"ఎలకల కోసం వచ్చినాది వదినా, నీకోసం కాదు. పోనీ దాన్ని" అన్నాడు.

పిగిలిపిట్టలు పందిట్లో గూళ్లు కట్టేవి. కోతకు ముందు ఆయన తల పైకెత్తి తోటంతా తిరిగేవాడు. గూడు కనిపిస్తే భుజం మీది ఎర్ర తువాలు అంచు చింపి ఆ తీగకు కట్టేవాడు. ముక్క ఉన్నచోట ఎవరూ కత్తెర పెట్టకూడదు. పిల్లలు ఎగిరిపోయేదాకా ఆ గుత్తులు అక్కడే ఎండాలి.

"అంతా పిట్టలకే పెడితే మనకేముంటాదప్పా?" అని మొత్తుకునేదాన్ని.

"ఏడాదంతా పురుగులు ఏరినాయి వదినా. వాటికి కూలి ఇయ్యద్దా?"

అందరికంటే ఎక్కువ నవ్వినవాడు పురుగుమందులంగడాయన. "ఏమప్పా, నీ తువాలు గోచీ అయితాండాదే! తోటలో పులి ఎప్పుడు ఈనుతాది?" అనేవాడు. ఆ అంగడాయన తోట చూడాలి! కడిగిన పళ్లెం. గడ్డిపోచ లేదు, పిట్ట కూత లేదు. అంత మందు తాగీ పురుగు మాత్రం చావలేదు. అయినా ఆ తోటంటే ఆయనకు అంత గర్వం.

అదే మనిషి పూలదండతో వచ్చి, "దేవుడట్లా మనిషి" అని కళ్లు తుడుచుకున్నాడు. తడి ఉంటే కదా తుడవడానికి! దినాలు కాకముందే మరిది కొడుకును పక్కకు పిలిచాడు.

"మీ నాయన పిచ్చి మీ నాయనతోనే పాయ. గుత్తులన్నీ ఒక్క ఊపున కోసేయి. గడ్డి పీకించి మందు కొట్టు."

"మట్టన్నా ఆరనీ అన్నా" అన్నాను. ఆయనకు వినబడలేదు. మరిది కొడుకు మాత్రం ఆయన మాటకు తల ఊపాడు.

కోతరోజు వాడి భుజం మీద నాయన తువాలు చూసి నాకు ఇంకో భయం. పోయినవాళ్ల బట్ట మేము ఇంట్లో ఉంచుకోము. అంగడాయన పందిరి కింద నిలబడి అజమాయిషీ చేస్తున్నాడు. వాడు తల పైకెత్తి నడుస్తూ సరిగ్గా ఆయన పక్కనే ఆగాడు.

"ఏం చూస్తాండావప్పా? కొయ్యి!"

వాడు తువాలు అంచు పళ్ల మధ్య పెట్టి పర్రున చింపాడు. ముక్కను తీగకు కట్టి, కత్తెర తీసుకుని తర్వాతి వరుసలోకి పోయాడు.

అంగడాయన అక్కడే నిలబడిపోయాడు. ఆయన నెత్తి మీద గూట్లో పిల్లలు నోళ్లు తెరిచి ఉన్నాయి. ముక్కున పురుగు పట్టుకున్న తల్లిపిట్ట పందిరి కమ్మీ మీద కూర్చుని, ఈయన ఎప్పుడు పక్కకు జరుగుతాడా అని చూస్తోంది.