బండి కాగితాల కోసం రాజవ్వ పెద్దమ్మ పలికిన పేరు

మా చిన్నప్పుడు, నేను నాలుగో తరగతిలో ఉండగా, ఒకరోజు బాపు నడుచుకుంటూ ఇంటికొచ్చాడు... పొద్దున బండి మీద పోయిన మనిషి!

"బండేది?" అంది అమ్మ.

"ఠాణల పెట్టుకున్నరు. కాగితాలు సూపిచ్చి తీస్కపొమ్మన్నరు."

మేం సిద్దిపేటలో ఉండేవాళ్లం. బాపు నంగునూరు పశువుల దవాఖానలో కాంపౌండరు. చుట్టుపక్కల ఏ ఊళ్లో ఏ బర్రెకు బాగాలేకపోయినా పోవాల్సిందే.

ఆ నల్ల మోటారు సైకిలు అసలు కోహెడలో కొమురయ్య అనే రైతుది. బాపు అంతకుముందు ఆ ఊళ్లోనే పనిచేశాడు కాబట్టి ఆ ఇంటితో మంచి పరిచయం. కొమురయ్య జ్వరమొచ్చి పోయాక, బండి కొట్టంలో తుప్పు పడుతుంటే ఆయన భార్య రాజవ్వ బాపుకు అమ్మేసింది. "నువ్వు నడుపు తమ్మీ... ఆయన బండి తిరుగుతుంటే సూడబుద్ధయితది" అందట.

బండి ఆర్సీ పుస్తకం మాత్రం లేదు. వానలకు గోడ కూలినప్పుడు సందుగపెట్టెలోని కాగితాలన్నీ నాని ముద్దయిపోయాయి. తర్వాత చూద్దాంలే అనుకుంటూ బాపు ఏడాది నడిపేశాడు...

ఇప్పుడు మళ్లీ సైకిలెక్కాడు. ఆ వారంలోనే ఓ ఊళ్లో బర్రె ఈనలేక అవస్థ పడుతోందని కబురొచ్చింది. ఎంత తొక్కినా ఆలస్యమైంది. బర్రె బతికింది... దూడ దక్కలేదు. ఆ రోజు బాపు అన్నం కలుపుతూనే కూర్చున్నాడు, తినలేదు.

మర్నాడు నన్ను వెంటబెట్టుకుని మహబూబ్ చాచా దగ్గరికి పోయాడు. తాసిల్దారు కచేరి ముందు రేకుల కింద టైపు మిషను పెట్టుకుని అందరికీ దరఖాస్తులు రాసిపెట్టేవాడు చాచా.

"పుస్తకం లేకుంటే దొంగ బండి అంటరు భాయ్," అన్నాడు. "అసలు మనిషి లేకపాయె. ఆయన ఇంటామె వచ్చి సారు ముంగట చెప్పాలె. బండి ఇనుము మీద కొట్టిన నెంబరు అచ్చు గూడ కావాలె."

ఆ అచ్చు తీసింది నేనే! ఠాణా వాకిట్లో బాపు కిరసనాయిలు గుడ్డతో బండి నెంబరు మీది జిడ్డంతా తుడిచాడు. నేను కాగితం అద్ది, నా బడి పెన్సిలు అడ్డంగా పెట్టి రుద్దాను. కాగితం నల్లబడుతుంటే అంకెలు ఒక్కొక్కటే తెల్లగా తేలాయి...

ఇక రాజవ్వ రావాలి. బాపు కోహెడ పోతే ఆమె మరిది అడ్డం తిరిగాడట. "ఆడమనిషి కచేరి ఎక్కుడేంది? ఊళ్లె ఏమనుకుంటరు?"

లోపలి నుంచి ఆమే జవాబు చెప్పిందట. "అమ్మింది నేను. నా తమ్ముని మీద దొంగ అని మాట పడనియ్య. నేనొస్త."

వచ్చింది. బస్సు దిగిన దగ్గర్నుంచీ అమ్మ చెయ్యి వదల్లేదు. బాపు వరసన అత్తే అయినా, నన్ను పెద్దమ్మా అని పిలవమంది అమ్మ.

కచేరి గదిలో తాసిల్దారు సారు, చాచా టైపు చేసిన కాగితం చూసి, నెమ్మదిగానే అడిగాడు.

"బండి ఎవలదమ్మా?"

"మా ఆయినది సారూ."

"ఆయన పేరు?"

పెద్దమ్మ తల దించుకుంది... అప్పట్లో మా వైపు ఆడవాళ్లు మొగుడి పేరు నోటితో అనేవాళ్లు కాదు. అంటే ఆయన ఆయుష్షు తరుగుతుందని భయం; మొగుడు పోయినా ఆ కట్టు పోయేది కాదు.

"నేను చెప్త సార్," అన్నాడు బాపు.

"నువ్వు గాదు. కాగితంల ఉన్నది గని, ఆమె నోట రావాలె."

పెద్దమ్మ నా మీదికి వంగి, "బిడ్డా, నువ్వు చెప్పరాదు," అంది. నేను గట్టిగా "కొమురయ్య" అన్నాను. సారుకు నవ్వొచ్చింది. "నీ మాట చెల్లదు బిడ్డా."

పెద్దమ్మ కొంగు నిండుగా కప్పుకుంది. అమ్మ ఆమె వీపు మీద చెయ్యి వేసింది.

"కొమురయ్య..."

మాకే సరిగా వినపడలేదు. ఎవరూ అడక్కుండానే మళ్లీ చెప్పింది. "నా పెనిమిటి కొమురయ్య. గా బండి ఆయన కొన్నదే. నేనే అమ్మిన."

వేలిముద్ర వేసి బయటికొచ్చి, మెట్ల మీద కూలబడింది. ఏడుస్తుందేమో అనుకున్నాం... ఏడవలేదు. వేలికంటిన సిరా చూసుకుంటూ అమ్మతో అంది.

"ఇన్నేండ్లల్ల ఒక్కపారన్న పిలువలే చెల్లె. 'ఇగో' అన్న, 'ఇంటున్నవా' అన్న... గంతే. బతికున్నప్పుడు పేరు పెట్టి పిలిస్తే, ఎట్ల పలికెటోడో!"

కోహెడ బస్సు వచ్చేదాకా ఇద్దరూ అలాగే కూర్చున్నారు.

బాపు సంగారెడ్డి ఆర్టీవో ఆఫీసుకు మూడుసార్లు తిరిగాక, తన పేరు మీద పుస్తకం వచ్చింది. బండి ఇంటికొచ్చింది. మర్నాడు పొద్దున్నే బాపు బండి స్టార్టు చేసి కదలబోతుంటే, అమ్మ గడపలోకి వచ్చింది. "ఇగో..." అనబోయి ఆగిపోయింది.

"సత్తయ్యా... పైలంగ పో!"

బాపు ఉలిక్కిపడి క్లచ్ వదిలేశాడు. బండి ఎగిరి ఆగిపోయింది. వెనక్కి తిరిగి అమ్మను చూశాడు... "ఆఁ" అన్నాడు. పొద్దున్నే కొత్తగా ఎవరో బొట్టు పెట్టి పిలిచినట్టు ఆయన మొహం!

ఇప్పుడు బండి చేతులు మారడం ఫోనులోనే అయిపోతోంది. నేనూ మా ఆయన్ని పేరు పెట్టే పిలుస్తాను, రోజుకు ఇరవైసార్లు... ఆయన పలికినప్పుడు తలెత్తి చూడను కూడా.

మీ అవ్వ మీ తాతను ఏమని పిలిచేది? ఒక్కసారైనా పేరు పెట్టి పిలవగా విన్నారా? విని ఉంటే, ఆ తాత మొహం ఎలా ఉండిందో కాస్త రాయండి...