మెండోర సర్వర్‌కు అందని చావు కబురు

ముందే ఒప్పుకుంటున్నాను, నాకు పెంచి చెప్పే జబ్బుంది. దోమ కుడితే పాము కరిచిందంటాను. నాలుగు చినుకులు పడితే శ్రీరాంసాగర్ గేట్లు ఎత్తేశారంటాను. మా ఇంట్లో నేను చెప్పినదాన్ని నాలుగో వంతు చేసుకుని వింటారు. మీరూ అలాగే వినండి. ఇందులో నేను కల్పించింది ఏదో చివర్లో నేనే చెప్పేస్తాను.

మొన్న ఆర్మూర్‌లో పాత సామాన్ల దుకాణం ముందు ఒక కంప్యూటర్ డబ్బా కనిపించింది. బీరువా అంత ఉంది. ఊరికే ఉండలేక మూత తీశాను. లోపలినుంచి పసుపు దుమ్ము లేచి ముక్కులోకి పోయింది. పదిహేడు తుమ్ములు తుమ్మాను, హైవే మీద లారీలు ఆగిపోయాయి. పసుపు దుమ్ము, వేడెక్కిన రేకు, మాడిన వైరు కలిసిన ఆ వాసన నాకు తెలిసి లోకంలో ఒక్కచోటే ఉండేది. ఇరవై ఏళ్ల కిందట నేను కంప్యూటర్ ఆపరేటర్‌గా పనిచేసిన పసుపు కమీషన్ దుకాణంలో, వెనకవైపు సర్వర్ గదిలో. వాసన వెంటే పోశెట్టి సార్ కూడా వచ్చి పక్కన నిలబడ్డట్టనిపించి వెనక్కి తిరిగి చూశాను. ఆయన పోయి ఆరేళ్లయింది.

పోశెట్టి సార్‌ది మాక్లూర్. మొదట రేడియోలు బాగుచేసేవారు, తర్వాత టీవీలు, ఆపైన కంప్యూటర్లు. మా దుకాణం సర్వర్లు చూసేది ఆయనే. మనిషి ఎంత సన్నమంటే, సర్వర్ వెనక ఫ్యాన్ తిరిగేటప్పుడు దగ్గర నిలబడనిచ్చేవాళ్లం కాదు, లోపలికి లాక్కుంటుందని. మమ్మల్ని "నువ్వు" అనేవారు, సర్వర్‌ను "మీరు" అనేవారు. "జర లేవుండ్రి సార్" అని బతిమాలుతూ స్విచ్ వేసేవారు. ఆయనకూ నాకూ చుక్కెదురు. నేను గోరంత చూసి కొండంత చెప్పేవాణ్ణి. ఆయన కొండను చూసినా టేపు పెట్టి కొలిచిందాకా నమ్మేవారు కాదు.

పనిలో చేరిన మూడో రోజే ఆ సంగతి తేలిపోయింది. ప్లగ్గు దగ్గర కాస్త పొగ వస్తే ఫోన్ చేసి "సార్, దుకాణం మొత్తం అంటుకున్నది!" అన్నాను. ఆయన కాళ్ల మధ్య ఇసుక బస్తా పెట్టుకుని మాక్లూర్ నుంచి స్కూటర్ మీద వచ్చారు. గదంతా చూసి, బస్తా మీద కూర్చున్నారు.

"ఎంత పొగ లేసింది?"

"మస్తు లేసింది సార్."

"మస్తు గాదు. చుట్ట అంతనా, బీడీ అంతనా?"

"బీడీ అంత."

"గంతే చెప్పు మరి. ఇయ్యాల నీ మాట నమ్మి ఇసుక మోసుకొచ్చిన. రేపు నిజంగ కాలినప్పుడు, రవిగాని ముచ్చటే గద అని చాయ్ తాగి వస్త."

పని నేర్పేటప్పుడు మాత్రం ఓపిక మూట. మా దుకాణానికి మూడు సర్వర్లుండేవి. పెద్దది ఆర్మూర్‌లో, ఒకటి మాక్లూర్‌లో, ఒకటి మెండోర గోదాములో. టెలిఫోన్ లైను మీద ఒకదానితో ఒకటి మాట్లాడుకునేవి. ఏ రైతు పసుపు ఏ గోదాములో ఏ వరుసలో ఉందో ఆ జాబితాలన్నీ వాటిలోనే. ఆ జాబితాలకు కాపలా ఒక పేర్ల పట్టిక. దుకాణంలో ఎవరెవరున్నారు, ఎవరు ఏ జాబితా తెరవచ్చు అన్నది అందులో ఉంటుంది. మూడు సర్వర్లలో ఆ పట్టికకు మూడు నకళ్లు. పట్టికలో పేరుంటే నువ్వు మనిషివి, లేకుంటే గాలివి.

"పేరు ఎక్కించుడు అల్కగనే అయితది రవీ, తీసుడే కష్టం" అనేవారు సార్. "ఒక పేరు తీసినమనుకో, సర్వర్ చావు కబురు రాసిపెట్టుకుంటది. మిగిలిన రెండు సర్వర్లు 'విన్నం' అనాలె. ఒక్కటి వినకున్నా ఆ పేరు పోదు. బతికీ ఉండదు, సచ్చీ ఉండదు, నడిమిట్ల తిరుగుతుంటది. అందుకే తీసే ముందు మూడూ పలుకుతున్నయా లేదా చూడాలె."

నేను తల ఊపాను. తల ఊపడంలో నన్ను మించినవాడు నిజామాబాద్ జిల్లాలో లేడు.

ఆ ఏడాది పసుపు ఉడకబెట్టే రోజుల్లో మా దుకాణం యజమాని, పెద్ద సేటు లింబాద్రి పోయాడు. రోజూ మెండోర గోదాములో కూర్చునే మనిషి, ఒక పొద్దున ఇంట్లోనే పోయాడు. వాళ్లింట్లో తాత పేరు పెద్ద మనవడికి పెట్టే ఆనవాయితీ ఉంది. మనవడూ లింబాద్రే. మామ పేరు నోటితో అనకూడదని కోడలు ఆ పిల్లవాణ్ణి పుట్టినప్పటినుంచీ చిన్న సేటు అనేది. పదకొండో రోజు ఆ చిన్న సేటును గద్దె మీద కూర్చోబెడుతున్నారు. పొద్దున పది ఇరవైకి ముహూర్తం. అదే ఘడియకు కంప్యూటర్‌లోనూ తాత పేరు తీసి మనవడి పేరు ఎక్కించాలని ఇంటివాళ్ల పట్టు. అప్పటికి మెండోర లైను నాలుగు రోజులుగా పలకడంలేదు. సార్ నిజామాబాద్ పోయారు. పది పంతొమ్మిదికి అయ్యగారు నా నెత్తిమీద నిలబడి వేలు ఆడిస్తున్నారు. తీసేశాను. అదే పేరుతో కొత్తది ఎక్కించాను. అక్షింతలు కీబోర్డు మీద కూడా పడ్డాయి.

మర్నాడు పొద్దున లైను దానంతటదే బాగుపడింది. ఎనిమిది గంటలకు చాయ్ పట్టుకుని తెర ముందు కూర్చున్నాను. ఇప్పుడు ఎవరెవరు పనిలో ఉన్నారో చూపించే జాబితాలో మొదటి పేరు లింబాద్రి. ఎక్కణ్నుంచి? మెండోర నుంచి. చిన్న సేటు నా ఎదురుగా కూర్చుని ఇడ్లీ తింటున్నాడు.

తొమ్మిదికి తూకం మల్లేశ్ పేరున్న చోట పేరు పోయి ప్రశ్నార్థకం వచ్చింది. పక్కన 'ఎవరో తెలియదు' అని. తర్వాత గోదాము గుమాస్తా. మల్లేశ్ తెర ముందు నిలబడి, "ఏందన్నా, ఇరవై ఏండ్ల సంది గీడనే ఉన్న, నన్నెరుగనంటది?" అన్నాడు. అతని గొంతులో నవ్వు లేదు. మధ్యాహ్నానికి ఆరుగురు పోయారు. నేనే బాగుచేద్దామని రిపేర్ ప్రోగ్రామ్ రెండుసార్లు నడిపాను. రెండోసారి అది ఆగేసరికి నా పేరున్న చోట కూడా ప్రశ్నార్థకమే ఉంది. అద్దంలో చూసుకుంటే ఎదుట ఎవరూ లేనట్టనిపించింది.

తప్పు నాదని చెబితే పని పోతుంది. కాబట్టి చాయ్ హోటల్లో నా విద్య చూపించాను. పెద్ద సేటు తిరిగొచ్చాడన్నాను. ఒక్కొక్కరి పేరూ తీసుకుపోతున్నాడన్నాను. చాలదనిపించి, ఫోన్ లైన్లో చెవి పెడితే ఆయన దగ్గు వినిపిస్తోందన్నాను. ఆ దగ్గు సాయంత్రానికి ఊరు చుట్టి సేటు ఇంటికి చేరింది.

సేటు భార్య రాజమ్మ అన్నం మానేసింది. మూడో రోజు పిట్టకు పెట్టినప్పుడు కాకి చాలాసేపు ముట్టలేదట. ఆ దిగులు ముందే ఉంది, నేను దాని మీద దగ్గు పోశాను. "ఆయన ఆకలితోటి తిరుగుతుంటే నాకు బువ్వ ఎట్ల దిగుతది?" అందట. షుగర్ మనిషి. అన్నం మానేసిన మూడో రోజుకు మంచం మీదినుంచి లేవలేదు. డాక్టర్ వచ్చి చూసి, ఇంకో రెండు రోజులు ఇలాగే ఉంటే తాను చేసేదేమీ లేదన్నాడు. అప్పుడు సార్‌కు ఫోన్ చేశాను. మొదటిసారి ఏమీ పెంచకుండా జరిగింది జరిగినట్టు చెప్పాను. గంటలో ఆయన దుకాణం ముందుకు వచ్చి, బండి దిగకుండానే అన్నారు.

"స్కూటర్ ఎక్కు. మెండోర పోదాం."

మిట్టమధ్యాహ్నం. గోదాము చుట్టూ కావలివాడు తప్ప ఒక్క మనిషి లేడు. చెరువు వైపు నుంచి చేపల వాసన మోసుకొచ్చే గాలి, లోపల చీకట్లో కప్పు దాకా పసుపు బస్తాలు. వాటి నడుమ చిన్న గది. గదిలో సేటు కుర్చీ, దాని మీద ఆయన శాలువా, కుర్చీ ముందు ఆరిపోయిన దీపం, ఎదురుగా వెలుగుతున్న తెర. తెర మీద లింబాద్రి. ప్రింటర్ పక్కన కాగితాల దొంతర, రోజుకొకటి.

కావలి సాయన్నను అడిగితే అమాయకంగా చూశాడు. "సేటు ఉన్నప్పటి లెక్కనే సార్. పొద్దుగాల దీపం పెడ్త, మిషన్ ఏస్త. అది దానంతటదే మొదలైతది, కాయితం దిగుతది. ఎవలూ బంద్ జెయ్యమనలే."

ముసలాయనకు టైపు చేయడం రాదని, మిషన్ వేస్తే ఆయన పేరుతో దానంతటదే లోపలికి పోయేట్టు, బస్తాల జాబితా అచ్చయ్యేట్టు రాసిపెట్టింది నేనే. మెండోర సర్వర్‌కు ఆయన పోయిన కబురు అందలేదు. దాని లెక్కలో సేటు రోజూ పనిలోకి వస్తున్నాడు. లైను కలవగానే ఒకే పేరుతో ఇద్దరు ఎదురుపడ్డారు. పట్టిక అక్కడ చిట్లింది.

సార్ కాగితాలు ఒక్కొక్కటే తిరగేసి ఒకదాని దగ్గర ఆగారు. "సేటు పోయిన దినం మిషన్ ఏసినవా సాయన్నా?"

"లేదు సార్. ఆ దినం తాళమే తియ్యలే."

కాగితం మీద ఆ రోజు తేదీ ఉంది. "మిషన్ల గడియారం తప్పుంటది" అన్నారు సార్. గడియారం చూశారు, సరిగ్గానే ఉంది. ఆయన ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు.

ముందు పట్టికకు నకలు తీశారు. తర్వాత పట్టికకు తాళం వేశారు. ఇక మూడు ఊళ్లలో ఎవరూ లోపలికి పోలేరు. సంచీలోంచి పాత నోట్‌బుక్ తీసి, అందులో చేత్తో రాసుకున్న పేర్లన్నీ బడిలో హాజరు పిలిచినట్టు పైకి చదివారు. "మల్లేశ్. గంగారాం. రవి." నా పేరు విని "ఉన్న సార్" అనేశాను. ఆయన నవ్వలేదు. రిపేర్ నడిపారు. తప్పులు నలభై ఒకటి. మళ్లీ నడిపారు, పన్నెండు. చదివిన పేర్లు ఒక్కొక్కటిగా ప్రశ్నార్థకాల్లోంచి మనుషులై బయటికొచ్చాయి. మూడోసారి ఒక్కటే మిగిలింది. పాత లింబాద్రి.

"మీకు చెప్పలే సార్, మా తప్పే" అన్నారు, సర్వర్‌తో. "సేటు పోయిండు." మీట నొక్కారు. ఫ్యాన్ ఒక్క క్షణం ఆగినట్టయి మళ్లీ తిరిగింది. తెర మీద 'మెండోర: విన్నది' అని వచ్చింది. మరుక్షణం పేరు లేదు. సార్ చెప్పులు విడిచి లేచి నిలబడ్డారు. సాయన్న కూడా నిలబడి, తలపాగా తీశాడు.

అక్కణ్నుంచి నేరుగా రాజమ్మ దగ్గరికి పోయాం. నేను ఆమె మంచం పక్కన నేల మీద కూర్చుని, "పెద్దమ్మా, తప్పు నాది. మెండోరకు చెప్పకుండ పేరు తీసింది నేను. దగ్గు ముచ్చట నేను పుట్టించింది" అన్నాను. ఆమె సార్ వైపు తిరిగి అడిగింది. "నిజంగ పోయిండా?"

"పోయిండమ్మా. అందరికి కబురందింది."

ఆమె లేచి కూర్చుంది. కోడలు పెరుగన్నం తెచ్చింది. తిన్నది.

ఇక మాట ప్రకారం చెప్పాలి. తుమ్మింది మూడు తుమ్ములే, లారీలు ఆగలేదు. ఫ్యాన్ ముందు సార్ బాగానే నిలబడేవారు. ఇవన్నీ జబ్బు కింద పోతాయి. తేదీ ఉన్న కాగితం నిజం. అది ఎట్లా అచ్చయిందో ఈనాటికీ నాకు తెలియదు.

నేను కల్పించింది ఒక్కటే. రాజమ్మ ముందు నేను నోరు తెరవలేదు, గడప అవతలే నిలబడిపోయాను. లోపలికి పోయి, పైన నా మాటలని రాసినవన్నీ అన్నది పోశెట్టి సార్. "తప్పు నాదమ్మా. నవ్వులాటకు దగ్గు ముచ్చట అన్నది గూడ నేనే." బీడీ పొగను కూడా కొలిచి చెప్పే మనిషి నాకు తెలిసి ఆడిన అబద్ధం అదొక్కటే. నా పని నిలబడటానికి ఆడారు. ఆమె తిట్టిన తిట్లన్నీ చేతులు కట్టుకుని విన్నారు. ఆ దుకాణంవాళ్లు ఆయన్ను మళ్లీ గడప తొక్కనివ్వలేదు. నేను మాత్రం అక్కడే మరో పదకొండేళ్లు పనిచేశాను. ఆయన బతికుండగా ఈ సంగతి ఒక్కరికైనా చెప్పలేదు. ఆ తప్పును ఆయన పేరు మీంచి తీసి నా పేరు మీద ఎక్కించడానికే ఇప్పుడిది రాస్తున్నాను.

రాజమ్మ చాలా ఏళ్లు బతికింది. పండక్కు పోయినప్పుడల్లా నా చేతిలో అరిసెలు పెట్టి, "నువ్వు మంచోనివి రవీ, గా పోశెట్టి తోవల పోకు" అనేది. నేను తల ఊపి, అరిసెలు తినేవాణ్ణి.