బ్రోన్యక్క ఐదు బంతులు

ఇరవై రెండేళ్ళపాటు బ్రోన్యక్క పిన్‌బాల్ మిషన్లకి అడుగున తీగలు కట్టింది. రోజుకి పది, పన్నెండు మిషన్లు. ఆ ఇరవై రెండేళ్ళలో ఆమె ఆడింది ఒకే ఒక్క ఆట. ఐదంటే ఐదు బంతులు. మా ఫ్యాక్టరీ ఆడవాళ్ళలో మిగిలినవాళ్ళం ఎప్పుడు కలిసినా ఆ ఐదు బంతుల గురించి చెప్పుకుంటాం. చెప్పిన ప్రతిసారీ స్కోరు కాస్త పెరుగుతూ ఉంటుంది. నేను మాత్రం ఉన్నదున్నట్టు చెబుతాను.

నేను ఆ ఫ్యాక్టరీలో చేరింది అరవై ఆరులో. ప్యూర్టోరీకో కొండల్లోంచి షికాగో వచ్చి అప్పటికి ఏడాది కూడా కాలేదు. పంతొమ్మిదేళ్ళు. ఇంగ్లీషు అంతంతమాత్రం. సూపర్‌వైజర్ గ్రోగన్ నన్నొక బల్ల దగ్గర నిలబెట్టి, "పక్కావిడ చేసినట్టు చెయ్యి" అని వెళ్ళిపోయాడు. పక్కావిడకి నలభై ఏళ్ళుంటాయి. తలకి పువ్వుల రుమాలు, ముక్కు మీదికి జారిన కళ్ళద్దాలు. యుద్ధం అయ్యాక పోలండ్ నించి ఓడెక్కి వచ్చిందట. ఆవిడ ఇంగ్లీషు నా ఇంగ్లీషు కంటే అధ్వాన్నం.

"పేరేంటి పిల్లా?"

"లూలా."

"నేను బ్రోనిస్లావా. నీకు నోరు తిరగదు గానీ బ్రోన్యా అను. పెద్దదాన్ని కాబట్టి అక్కా అను. ఇటు చూడు. ఇది తీగలు కట్టడం అనుకోకు. మీ అమ్మ నీకు జడ వేసేది కదా? అదే ఇది."

నిజంగా అదే. నిలువెత్తు చెక్క మీద మేకులు కొట్టి ఉండేవి. ఆ మేకుల మధ్య రంగురంగుల తీగలు పరుచుకుంటూ పోయి, మైనం పూసిన దారంతో పాయలు పాయలుగా బిగించాలి. ఆ జడని తీసుకెళ్ళి ఆట పలక అడుగున అమర్చి, ఒక్కో కొసకీ టంకం పెట్టాలి. పైన చూస్తే గాజు కింద ఏటవాలు పలక, దొర్లే ఉక్కు బంతి, బొత్తాం నొక్కితే బంతిని పైకి కొట్టే చిన్న రెక్కలు, తగిలిన చోటల్లా గంటలూ దీపాలూ. అడుగున చూస్తే మేము. టంకం పెడుతుంటే లేచే గుగ్గిలం పొగ హాలంతా. సాయంత్రం బస్సెక్కితే పక్కనున్నవాళ్ళు ముక్కు ఎగబీల్చి, "చర్చి నించి వస్తున్నారా?" అని అడిగేవాళ్ళు.

బ్రోన్యక్కది ఒక అలవాటు. జడ చివర అందరూ ఒక ముడి వేసి దారం తెంపేస్తే, ఆవిడ రెండు చెవులు పైకి లేచేలా ఇంకో ముడి వేసేది, కుందేలు తలకాయలా. గ్రోగన్‌కి ఒళ్ళు మండేది.

"దారం దండగ చేస్తున్నావు. అడుగున ఎవడు చూస్తాడు?"

"బాగుచేసేవాడు చూస్తాడు సార్. వాడూ మనిషే కదా, కాస్త నవ్వుకోనీండి."

అన్నిటికంటే విడ్డూరం ఇంకోటుంది. ఆ రోజుల్లో షికాగోలో పిన్‌బాల్ నిషేధం. జూదం కింద లెక్క. లోకానికంతటికీ మిషన్లు మా ఊళ్ళోనే తయారయ్యేవి, మా ఊళ్ళో మాత్రం బార్లో ఒక్కటి పెట్టుకోవడానికి వీల్లేదు. పెట్టెలకి మేకులు కొట్టి రైలెక్కించేవాళ్ళు. మా చేతి పని ఫ్రాన్స్ పోయేది, ఇటలీ పోయేది. అక్కడెవరు ఆడేవాళ్ళో, గెలిచినప్పుడు ఎలా అరిచేవాళ్ళో మాకేం తెలుసు? "మిఠాయి చేసేవాడికే చక్కెర జబ్బు" అని బ్రోన్యక్క నవ్వేది.

మా ఫ్యాక్టరీలో ఆడేది ఒక్కడే, జెనెక్. హాలు చివర గాజు గదిలో ఉండేవాడు. తయారైన ప్రతి మిషన్ మీదా ఐదు బంతులు ఆడి, అన్నీ పనిచేస్తున్నాయని ముద్ర వేయడం అతని ఉద్యోగం. చొక్కా చేతులు మడిచి, నోట్లో అగ్గిపుల్ల పెట్టుకుని ఆడేవాడు. ఉచితంగా ఇంకో ఆట గెలిస్తే మిషన్ లోపల ఒక సుత్తి చెక్కని ఠక్కున కొడుతుంది. హాలంతా వినిపించేది. ఠక్ అన్న ప్రతిసారీ మేం నలభైమందీ తల ఎత్తేవాళ్ళం.

అరవై ఎనిమిది వేసవి. ఉక్కపోత. మధ్యాహ్నం అన్నాల గంట కొట్టారు. నేను అరిటాకులో చుట్టి ఉడికించిన మాంసం పొట్లం విప్పాను, బ్రోన్యక్క పులిసిన క్యాబేజీ కూరిన పియెరోగీలు, అంటే వాళ్ళ దేశపు కజ్జికాయలు, ఉన్న డబ్బా తీసింది. సగం సగం పంచుకోవడం మాకు రివాజు. అప్పుడొచ్చాడు జెనెక్, ఒక పలకని బండి మీద తోసుకుంటూ. వెనక్కి పంపడం అది మూడోసారి.

"ఎడమ పక్క లక్ష్యం పలకట్లేదమ్మా. తీగ తప్పు కట్టావు."

"తీగ సరిగ్గానే ఉంది."

"బంతి తగులుతోంది, అంకె పడట్లేదు. మరి తప్పెవరిది?"

"తగలడం లేదు. ఒరుసుకుపోతోంది. నీకు గురి లేక నా తీగని ఆడిపోసుకుంటావేం?"

చుట్టూ ఉన్న ఆడవాళ్ళు కిసుక్కున నవ్వారు. ఒఫీలియా అని మాలో ఒకామె, టంకం ముద్దలు ముద్దలుగా పెట్టేది గానీ నోరు మాత్రం కత్తి. "అయ్యో జెనెక్, నీ అగ్గిపుల్ల పడిపోతోంది చూసుకో!" అంది. అతని మొహం ఎర్రబడింది.

"అంత తెలిస్తే నువ్వే ఆడు బ్రోన్యా. రా."

బ్రోన్యక్క లేచింది. కుళాయి దగ్గరికెళ్ళి మోచేతుల దాకా సబ్బుతో కడుక్కుంది. ఏప్రానుకి తుడుచుకుంది. అందరం ఆమె వెనక గాజు గదిలోకి పోయాం. పట్టనివాళ్ళు గుమ్మంలో నిలబడ్డారు. జెనెక్ ఆ పలకని పెట్టెలో బిగించాడు. ముందు తను ఆడాడు. నాలుగు వేల ఎనిమిది వందలు చేశాడు.

బ్రోన్యక్క మొదటి బంతి నేరుగా రెక్కల మధ్యలోంచి జారిపోయింది. ఊపిరి తీసుకునేంత సేపు కూడా లేదు. రెండోది కాస్త నిలబడింది. ఇంతలో నాకొకటి అర్థమైంది. జెనెక్ బంతిని చూసి ఆడతాడు. బ్రోన్యక్క వింటోంది. ఏ స్విచ్ ఏ రిలేని, అంటే లోపల టక్కుమని కొట్టుకునే మీటని, పలికిస్తుందో, ఏది మెత్తగా వంగుతుందో, ఏది బిగుసుకుని ఉంటుందో ఆవిడకి అడుగునించి తెలుసు. పైనున్న బొమ్మల్ని ఆవిడ చూడనే లేదు. "ఇక్కడ నాలుగో తీగ", "ఇది నల్ల చార తీగ" అని తనలో తాను గొణుక్కుంటూ ఆడింది. నాలుగో బంతి ఎడమ లక్ష్యానికి దబ్బున తగిలింది. అంకె పడింది. మళ్ళీ కొట్టింది. మళ్ళీ పడింది.

"పలికిందా జెనెక్?" అంది తల తిప్పకుండానే.

ఐదో బంతి ఎంతసేపు ఆడిందో చెప్పలేను. చివరికి ఆరు వేల రెండు వందలు. ఠక్ అని సుత్తి కొట్టింది. మేం పెట్టిన కేకలకి వీధిలో ట్రక్కు డ్రైవర్లు కూడా ఆగి చూశారట.

ఆ కేకలకే గ్రోగన్ వచ్చాడు. "ఇది పని చేసే చోటా, తిరునాళ్ళా?" అన్నాడు. బ్రోన్యక్క కిటికీ పక్క బల్ల తీసేసి ఏడాదిపాటు వెనక, ఆసిడ్ తొట్ల పక్కన వేశాడు. ఆవిడ దానికి బాధపడలేదు. బాధపడింది ఇంకోదానికి. ఆ తర్వాతి వారం ఇస్త్రీ గౌను వేసుకుని, లిప్‌స్టిక్ పెట్టుకుని, గ్రోగన్ గదికెళ్ళి అడిగింది. కొత్తగా ఇంకో పరీక్షకుణ్ణి తీసుకుంటున్నారు, ఆ ఉద్యోగం నాకివ్వండి అని. అతను నవ్వాడట. తిట్టినా బాగుండేది. "ఆడవాళ్ళకి ఆటేం తెలుస్తుంది బ్రోన్యా" అని నవ్వాడట. తిరిగొచ్చి రుమాలు కట్టుకుని, ఏమీ జరగనట్టు మేకుల చెక్క ముందు నిలబడింది. లిప్‌స్టిక్ మాత్రం తుడుచుకోవడం మరిచిపోయింది. ఆ తర్వాత జెనెక్ ఎన్నిసార్లు పిలిచినా గాజు గదిలో అడుగు పెట్టలేదు.

జెనెక్ పిలిచింది ఆటకే కాదు. పోలిష్ హాల్లో డాన్సుకి రమ్మని కూడా పిలిచాడు. బ్రోన్యక్క భర్త పోయి అప్పటికి ఆరేళ్ళు. కూతురు హలీనా బడికెళుతోంది. "రోజంతా గాజు గదిలో ఆడుకునే మగాణ్ణి ఇంటికి తెచ్చుకుని ఏం చేసుకోను? ఇంట్లో ఒక పిల్ల చాలు" అంది. అతను వేరే పెళ్ళి చేసుకున్నాడు. మేమందరం వెళ్ళాం. బ్రోన్యక్క కేకు చేసి తీసుకెళ్ళింది.

డెబ్బైల చివర్లో ఊళ్ళో నిషేధం ఎత్తేశారు. అబ్బ, ఇప్పుడు మన పని మనూళ్ళోనే చూసుకోవచ్చు అనుకున్నాం. సరిగ్గా అప్పుడే మిషన్ల లోపల రిలేలు పోయి అరచేయంత ఎలక్ట్రానిక్ పలకలు వచ్చాయి. జడలు సన్నబడ్డాయి. నలభైమందిమి పదిహేనుమందిమయ్యాం. డెబ్బై తొమ్మిదిలో ఒక శుక్రవారం తీసేస్తున్నవాళ్ళ పేర్లు చదివారు, అందులో మా ఇద్దరివీ ఉన్నాయి. బ్రోన్యక్క తన బల్ల తుడిచి, మేకుల చెక్క మీది దుమ్ము కూడా తుడిచి, కోటు వేసుకుంది. "పద పిల్లా, బస్సు పోతుంది" అంది.

తర్వాత పదమూడేళ్ళు ఆవిడ ఒక బడి వంటింట్లో పనిచేసింది. నేను బట్టల మిల్లుకి పోయాను. ఇళ్ళు ఐదు వీధుల దూరం. ఆదివారాలు కలిసేవాళ్ళం. ఫ్యాక్టరీ మాట మాత్రం ఎత్తేవాళ్ళం కాదు.

తొంభై మూడు వసంతంలో వాళ్ళ చర్చి హాలు నేలమాళిగలోకి వాన నీళ్ళొచ్చాయి. బురద తోడడానికి నన్నూ రమ్మంది. కుర్చీల గుట్ట వెనక, టార్పాలిన్ కింద ఒక పిన్‌బాల్ మిషన్ కనపడింది. మూసేసిన ఏదో బార్ వాళ్ళు ఎప్పుడో ఇచ్చి పోయారట. కాళ్ళు తుప్పు పట్టాయి. పెట్టె అడుగు నానిపోయింది. హాలు పెద్ద, "బయట పారేయండమ్మా" అన్నాడు. బ్రోన్యక్క వినిపించుకోలేదు. గాజు జరిపి, పలక ఎత్తి, కర్ర ఆసరా పెట్టి, టార్చి వేసింది. నేను పక్కనించి తొంగిచూశాను. తీగల జడ చివర, దుమ్ము కొట్టుకుని, కుందేలు చెవుల ముడి.

బ్రోన్యక్క వేలితో ఒక చెవిని అటూ ఇటూ కదిపింది. "ఇది నా పిల్లే లూలా" అంది. "పద, ఇంటికి తీసుకుపోదాం."

నలుగురు మనుషుల్ని బతిమాలి ఆవిడ గరాజులోకి చేర్చాం. ఆ ఏడాది శరదృతువంతా, చలికాలమంతా, చిన్న హీటర్ పెట్టుకుని ఆ మిషన్ మీదే పనిచేశాం. ఆవిడ వేళ్ళు అప్పటికే కీళ్ళవాతంతో కొంకర్లు పోయాయి. ఆవిడ చూపించేది, నేను టంకం పెట్టేదాన్ని. స్విచ్ కొసలు సన్న ఆకురాయితో రుద్దాం. జిగురు పట్టిన చక్రాలు స్పిరిట్‌తో కడిగాం. పెళుసైపోయిన రబ్బర్లన్నీ మార్చాం. వెనక గాజు మీద గొడుగు పట్టుకున్న అమ్మాయి బొమ్మకి రంగు రాలి ముక్కు పోయింది. నేను రంగు వేయిద్దామంటే బ్రోన్యక్క ఒప్పుకోలేదు. "నాకు పళ్ళు పోయాయి, ముద్ద దిగట్లేదా? దాని మొహాన్ని దానికి వదిలెయ్."

అన్నీ అయ్యాయి గానీ ఒక గంట తనంతట తాను మోగుతూనే ఉంది. మూడు వారాలు వెతికాం. చివరికి ఆవిడే అంది, "ఇక వాణ్ణి పిలవాల్సిందే."

జెనెక్ వచ్చాడు. జుట్టంతా పోయింది. భార్య పోయి రెండేళ్ళయిందట. అగ్గిపుల్ల మాత్రం నోట్లోనే ఉంది. మిషన్ పక్కన చెవి పెట్టి, కళ్ళు మూసుకుని, "కుడి పక్క మూడో రిలే. నాలిక అతుక్కుంటోంది" అన్నాడు. అదే అయింది.

"బంతిని చూసి ఆడేవాడివి, ఎప్పుడు నేర్చుకున్నావు వినడం?" అంది బ్రోన్యక్క.

"అరవై ఎనిమిదిలో. గాజు గదిలో ఒకావిడ నేర్పింది."

బ్రోన్యక్క స్టూలు జరుపుకుని ఆట మొదలుపెట్టింది. ఇంట్లో పొయ్యి మీద పెట్టిన బీట్‌రూట్ పులుసు మాడిపోయేదాకా ఆడింది. హలీనా వచ్చి "అమ్మా, ఇల్లు తగలబెడతావా?" అని అరిస్తే, "ఉండవే, మూడో బంతి" అంది.

మిషన్ని తిరిగి చర్చి హాల్లో పెట్టాం. ఈస్టర్ ముందు ఉపవాసాల శుక్రవారాల్లో అక్కడ చేపల వేపుడు విందు ఉంటుంది. మాట పాకి మా లైను ఆడవాళ్ళు ఒక్కొక్కరే రావడం మొదలుపెట్టారు. చేపముక్క చేత్తో పట్టుకునే పలక ఎత్తించి చూసుకునేవాళ్ళు. తర్వాత పదేళ్ళలో ఇంకో నాలుగు పాత మిషన్లు దొరికాయి. ఒకదాని అడుగున టంకం మట్టి ముద్దల్లా ఉంటే, "ఇది ఒఫీలియా చేతిపని, పావురాలు రెట్ట వేసినట్టు లేదూ!" అంది బ్రోన్యక్క. "పావురం రెట్ట ముప్పై ఏళ్ళు ఊడకుండా ఉందా లేదా?" అంది ఒఫీలియా. ఊళ్ళో ఇన్నేళ్ళ తర్వాత మా మిషన్లు మేమే ఆడుకున్నాం. ఎలా అరుస్తారో అని ఒకప్పుడు అనుకునేవాళ్ళం. ఇలాగే అరుస్తారు కాబోలు.

బ్రోన్యక్క రెండు వేల ఆరు జనవరిలో పోయింది. మంచు బాగా పడిన వారం. ఎనభై నిండాయి. జెనెక్ శవపేటిక పక్కన టోపీ పట్టుకుని నిలబడి వెళ్ళిపోయాడు. తర్వాత కొన్నేళ్ళకి ఆ చర్చిని ఇంకోదాంట్లో కలిపేశారు. హాలు మూతపడింది. మిషన్లు తలో ఇంటికీ చేరాయి. ముక్కు లేని అమ్మాయిది నా ముందు గదిలో ఉంది.

పోయిన ఏడాది ఒఫీలియా వచ్చింది. ఎనభై ఏడేళ్ళు, నడవడానికి చేతుల్లో ఊతం. ఆడతానంది. ఊతం పక్కన పెట్టి మిషన్‌కి ఆనుకుంది. ఆనుకోగానే లోపలి లోలకం ఊగి, మిషన్ కదిలిందని ఆట ఆగిపోయింది. మళ్ళీ మొదలుపెట్టింది. మళ్ళీ ఆగింది.

"ఇదేం ఖర్మే లూలా! పట్టుకోకపోతే నేను పడిపోతాను, పట్టుకుంటే ఇది పడిపోతుంది!"

స్క్రూడ్రైవర్ తెచ్చి ఆ లోలకం ఊడదీశాను. జెనెక్ బతికి ఉంటే ఒప్పుకునేవాడు కాదు. ఒఫీలియా రెండు మోచేతులూ గాజు మీద ఆనించి, మిషన్ మీద సగం పడుకుని, సాయంత్రం దాకా ఆడింది. పై వాటాలో ఉండేవాళ్ళు గోల ఆపమని నేల మీద తన్నారు. మేం కూడా కింద నించి చీపురు కర్రతో పైకప్పుని తిరిగి పొడిచాం.