ఆమె కూర్చునే రాయి

మొన్న వనపర్తిలో డాక్టరమ్మ నా భార్య ఊపిరి విని, "చెట్లెక్కువున్న దిక్కు కొన్ని రోజులుంచురి సారూ, పానం తేటపడ్తది" అన్నది. నా భార్య నవ్వింది. ఆ నవ్వు డాక్టరమ్మకు అర్థం కాలేదు గాని నాకు గుచ్చుకుంది.

రెండువేల దశకం మొదట్లో నేను గద్వాలలో బడిపంతులుని. మా అద్దె ఇంటి వెనక పత్తి మిల్లు నూగు పీల్చీ పీల్చీ ఆమెకు దమ్ము పట్టుకుంది. పై అధికారికి ఎదురు చెప్పినందుకు నన్ను నల్లమల అడవిలో ఒక చెంచుపెంటకు, ఆ చిన్న గూడెం బడికి విసిరేస్తే, తోటివాళ్లు జాలిపడ్డారు, నేనూ దాన్ని శిక్షగానే మోశాను. అక్కడ పక్కింటి చెంచు ముసలామె రోజూ పొద్దున్నే దుంపలకో పండ్లకో పోతూ మా ఆమెను వెంటబెట్టుకునేది. మొదట్లో మా ఆమె ఇంటి నుంచి కనిపించే దూరంలోని చదునురాయి మీదనే కూలబడి రొప్పేది. వానలు వెనకపట్టేసరికి కూర్చునే చోటు మద్దిచెట్టు దాకా జరిగింది. ఇప్పపూలు రాలేనాటికి ఎక్కడా కూర్చోకుండా వాగుదాకా పోయి, గంప చంకన పెట్టుకుని వచ్చి, అన్నం వార్చలేదేమని నన్నే తిట్టేది. గాలి మంచిదో, నడక మంచిదో, మిల్లు లేకపోవడమే మంచిదో చెప్పలేను. నా పొట్ట కూడా తగ్గింది, దాన్ని నేను తిండికి వాచిపోవడం అనుకున్నాను.

మండలం మీటింగుకు పోయినప్పుడల్లా తోటి పంతుళ్లు "ఏం సారూ, ఇంకా అడివిలనేనా?" అని నవ్వేవారు. ఆ మాట పడలేక, ఆమెకు చెప్పకుండా ఆఫీసుల చుట్టూ తిరిగి వనపర్తికి బదిలీ వేయించుకుని, మిఠాయి పొట్లంతో ఇంటికొచ్చాను. ఆమె ఇప్పపూలు ఆరబోస్తూ తలెత్తి, "నన్నొక్క మాటన్న అడిగితిరా?" అన్నది. నా పరువు నిలిస్తే సంతోషించదేమని నాకే కోపం వచ్చింది. ఏడాది తిరక్కుండానే దమ్ము మళ్లీ వచ్చింది, ఇక పోలేదు.

నిన్న ఆమెను ఊరవతల కొత్తగా వేసిన పార్కుకు ఆటోలో తీసుకుపోయాను. వరుసగా నాటిన మొక్కల మధ్య సిమెంటు బాట. ఆనాడు నవ్వినవాళ్లలో ఒకాయన బూట్లు వేసుకుని నడుస్తూ ఆగి, అడవిగాలి ఒంటికెంత మంచిదో నాకు బోధించాడు. ఆమె గేటు పక్క బెంచీ మీదనే కూర్చుండిపోయి, "మీరు పోయి రాండ్రి, నేనీడ్నే ఉంట" అన్నది. ఇప్పుడు అడవి అంటే అందరికీ మోజే. ఆమె కూర్చునే చోటు మాత్రం ఆ మొదటి రాయి కన్నా వెనక్కి, నడక మొదలయ్యే చోటికే వచ్చేసింది, అంత దూరం వెనక్కి తెచ్చింది నేనే.