ముల్హమ్ తాగేసిన కాఫీ

ఇరాక్‌లోని బస్రాలో ముల్హమ్ తన్నిన పెనాల్టీ బంతి ఇంకా కింద పడలేదంటారు. గోలు మీంచి, జనం మీంచి, స్టేడియం దీపాల మీంచి ఎగిరి అటే పోయిందట. అదీ కావాలనే తన్నాడట. జట్టువాళ్లు విసుగెత్తి ఒప్పందం పొడిగించకపోతే మా ఊరు సలమియాకి వచ్చేయొచ్చు కదా! ఈ మాట నిజమో కాదో ఇంతవరకు తేల్చినవాడు లేడు. నేను మాత్రం నమ్ముతాను. సలమియాలో షజా ఉంది మరి.

ముల్హమ్ మా వీధివాడే. వాడికి నడక రాకముందే తన్నడం వచ్చింది. ఇంట్లో నిమ్మకాయ కనిపిస్తే చాలు, ఎడమకాలితో ఎదురింటి కిటికీలోకి పంపేవాడు. పొద్దున లేచింది మొదలు మతే ఆకు కషాయం గొట్టంతో పీల్చే మా ఊళ్లో నిమ్మకాయ లేని ఇల్లు వాళ్లదొక్కటే. చేతులు మారే ఆ గొట్టం తుడుచుకోవడానికి వాళ్లమ్మ మా ఇంటికొచ్చి నిమ్మచెక్క అడిగేది.

పక్క నగరం హమా జట్టులో ఆడుతుండగానే వాడికి పేరొచ్చింది. అంతలో యుద్ధం వచ్చింది. మైదానాలు మూతపడ్డాయి. వాడు ముందు జోర్డాన్ వెళ్లాడు, తర్వాత ఒమన్, ఆ తర్వాత ఇరాక్. ఒమన్ విమానాశ్రయంలో పెట్టె నిండా మతే పొట్లాలు చూసి పోలీసులు ఇదేం ఆకని నిలదీశారు. వాడు అక్కడే వేడినీళ్లు తెప్పించి, అందరికీ పోసి ఇచ్చి, సాయంత్రం దాకా కబుర్లు చెప్పాడు. ఆ పోలీసులు ఇప్పటికీ మతే మానలేదని వినికిడి.

ఎక్కడికి వెళ్లినా గోళ్లు కొరుక్కుంటూ ఫోన్ చేసేది మాత్రం షజాకే. ఆమె బళ్లో లెక్కలు చెబుతుంది. వాళ్ల నాన్న అబూ గదీర్ ఒకప్పుడు మా ఊరి జట్టు గోల్‌కీపర్. గోలు ఆపబోయి ముందు పళ్లు పోగొట్టుకున్నాడు గాని పంతం పోగొట్టుకోలేదు. "పెట్టెలో కాపురం చేసేవాడికి నా పిల్లనివ్వను" అని వీధిలో అందరూ వినేలా చెప్పేశాడు.

బస్రా బంతి ఆకాశంలో ఉండగానే వాడు ఊళ్లో దిగాడు. మర్నాడే పెద్దలందరం కలిసి పిల్లనడగడానికి వెళ్లాం. మాకు పెద్ద అబూ వజీహ్. ఆయన గొంతు సవరించుకుంటేనే వీధి చివర కుక్కలు లేస్తాయి.

షజాయే చేదు కాఫీ తెచ్చి అందరికీ పోసింది. ఇలాంటప్పుడు కప్పు అందుకుని కింద పెట్టాలి. అడిగింది ఇస్తానని ఇంటాయన అన్నాకే తాగాలి. ముందే తాగేస్తే, అడగడానికి ఏమీ లేదని అర్థం. మా ఊళ్లో పాలు తాగే పిల్లలకి కూడా తెలిసిన సంగతిది. అబూ వజీహ్ కప్పు కింద పెట్టి, ముల్హమ్ ముత్తాత మంచితనం దగ్గర మొదలుపెట్టాడు. ఇంకా తాత దాకా రాలేదు.

ఇంతలో 'గుటుక్' మని వినిపించింది.

ఏళ్ల తరబడి హోటల్ గదుల్లో బతికినవాడు. చేతికి ఏదిస్తే అది తాగేయడం అలవాటైపోయింది. పైగా భయం. పెళ్లికొడుకే తాగేశాడు!

అబూ గదీర్ బోసినోరంతా తెరిచి నవ్వాడు. "తాగేశావా నాయనా? మంచిది. అంటే ఊరికే చూసిపోదామని వచ్చారన్నమాట. ఉండండి, భోంచేసి వెళుదురుగాని."

"ఓరి నీ ఎడమకాలు విరగ!" అని అబూ వజీహ్ పళ్లు నూరాడు. "నేనింకా మీ తాత దగ్గరికే రాలేదు కదరా!"

ముల్హమ్ మొహం సున్నం కొట్టినట్టయింది. ఖాళీ కప్పు తిరిగి ఇవ్వబోయాడు. కప్పు ఊపి ఇస్తే ఇక చాలని అర్థం. ఊపకపోతే మళ్లీ పోయాల్సిందే. వాడి చెయ్యేమో గడగడా వణుకుతోంది. షజా గబుక్కున వాడి మణికట్టు పట్టుకుని, కప్పు నిండా పోసేసింది.

"ఊపాడు కదే!" అన్నాడు అబూ గదీర్.

"ఊపలేదు నాన్నా, వణికాడు. దగ్గరుండి చూసింది నేను."

ముల్హమ్ ఈసారి కప్పుని పసిబిడ్డని పడుకోబెట్టినట్టు కింద పెట్టాడు.

"సరే, అడుగు" అన్నాడు అబూ గదీర్. "పిల్లనిస్తే ఎక్కడుంచుతావు? విమానంలోనా?"

"ఇక్కడే. మన ఊరి జట్టుకే ఆడతాను."

"మన జట్టుకా? గడ్డి మొలవని నేలమీద, మేకల మధ్యా?"

"మేకల్ని తప్పించుకుంటూ పోవడం చిన్నప్పుడే నేర్చుకున్నాను మామయ్యా."

"నేనింకా మామయ్యని కాలేదు."

"అందుకేగా కప్పు కింద పెట్టింది!"

అబూ గదీర్ కప్పు వంక చూశాడు, కూతురి వంక చూశాడు.

"నాన్నా, చల్లారిపోతోంది" అంది షజా.

"తాగరా" అన్నాడు ఆయన, మొహం పక్కకి తిప్పుకుని.

ఆడవాళ్లు వేసిన సంబరం కూతలకి వీధిలో అద్దాలు పగిలాయి. రెండు మాత్రం ఖాయంగా పగిలాయి.

ఆ తర్వాత వాడు అన్న మాట నిలబెట్టుకున్నాడు. మేకల్ని తోలించి, నేల చదును చేయించి, మా జట్టుని పై లీగుకి ఎక్కించాడు. సాయంత్రాలు షజా బడి ఆడపిల్లలు వాడి దగ్గర తన్నడం నేర్చుకుంటున్నారు. ఎదురింటి కిటికీకి ఇప్పుడు ఇనపజాలీ వేశారు.

మొన్న వాళ్ల వాకిట్లో మతే తాగుతూ ఇదంతా కొత్తగా వచ్చిన పోస్ట్‌మ్యాన్‌కి చెబుతున్నాను. ఒళ్లో కూతురిని పెట్టుకుని వింటున్న ముల్హమ్ ఇక ఆగలేకపోయాడు.

"ఒట్టు బాబాయ్, ఇందులో ఒక్క ముక్క నిజం లేదు. పెనాల్టీ అప్పుడు కాలు జారింది, అంతే. ఆ రోజు నా చెయ్యి వణకలేదు. అసలు ముందుగా నేను తాగనేలేదు. నాకు కాఫీయే పడదు!"