తెమెనుగ అవ్వ చెప్పిన పీపా

తెమెనుగ అవ్వ మందు చెప్పని రోగం లేదు. ఆ మందు ఎవరింటి పీపాలోంచి తెచ్చుకోవాలో చెప్పకుండా వదిలిపెట్టిన రోగీ లేడు. జలుబు చేసినా, కడుపు ఉబ్బినా, తల పగిలిపోతున్నా ముందు నిన్న ఏం తిన్నావని అడిగేది. రెండు మూడు తిట్లు తిట్టి పథ్యం చెప్పేది. ఆఖర్న క్యాబేజీ ఊట తాగి రమ్మని ఎవరింటికో తోలేది. అదే ఊట మన ఇంట్లో పీపా నిండా ఉన్నా సరే, అది పనికిరాదనేది.

ఆ కొండ ఊళ్లో చలికాలం వస్తోందంటే ప్రతి ఇంటి నేలమాళిగలోనూ క్యాబేజీ ఊరాల్సిందే. నవంబరులో క్యాబేజీలు పీపాకెత్తి, ఉప్పునీళ్లు పోసి, పైన బరువైన రాయి పెడతారు. అంతటితో పని తీరదు. రోజూ అడుగున ఉన్న కుళాయి తిప్పి ఆ ఊట నీళ్లు బకెట్లకు పట్టాలి, మళ్లీ పైనుంచి పోయాలి. నాలుగు రోజులు బద్ధకిస్తే క్యాబేజీ జిగురెక్కి ఇల్లంతా కంపు కొడుతుంది.

అవ్వ వైద్యం రుచి బస్సు డ్రైవర్ గెంచోకు బాగా తెలుసు.

"కడుపు ఉబ్బరంగా ఉందవ్వా."

"నిన్న ఏం తిన్నావు?"

"సాసేజీలు. రెండే."

"నా మొహం చూసి చెప్పు."

"ఐదు."

"నీది కడుపా, సంతకెళ్లే సంచా? వారం రోజులు వేపుడు ముట్టకు. ఉడకబెట్టిన బంగాళదుంప, పెరుగు. అంతే. పొద్దున్నే పంతలేయ్ ఇంటికెళ్లు. వాడి పీపా కుళాయి తిప్పి బకెట్ పట్టు, పైనుంచి పొయ్యి. అలా ఆరుసార్లు. ఏడోసారి పట్టిన దాంట్లోంచి కాఫీ కప్పుడు తాగు. ఆరుకి ఒక్కటి తగ్గినా గుణం దిగదు."

"మా ఇంట్లోనూ పీపా ఉందిగా?"

"మీ పీపాకి నీ కడుపు అలవాటు పడిపోయింది. దాని మాట వినదు."

గెంచో వెళ్లాడు, మోశాడు, తాగాడు. వారానికి ఉబ్బరం తగ్గింది. సాసేజీలు మానినందుకు తగ్గిందా, బకెట్లు మోసినందుకు తగ్గిందా అని అతను ఆలోచించలేదు. అవ్వ చెయ్యి మంచిదన్నాడు.

ఆ పంతలేయ్ రైల్వే గేటు దగ్గర పనిచేసి రిటైరయినవాడు. మూడేళ్ల కిందట భార్య పోయింది, ఆ తర్వాత తుంటి పట్టేసింది. రోగులు వచ్చే వేళకి ఉతికిన చొక్కా వేసుకుని గుమ్మంలో నిలబడేవాడు. "నా నీళ్లలో గుణం ఉంది నాయనా, ఎందుకో నాకూ తెలీదు," అని ప్రతివాడికీ చెప్పేవాడు. వచ్చినవాడు ఏడు బకెట్లు తోడేలోపు రైళ్ల కథలు మూడైనా చెప్పేవాడు.

ఈ వైద్యం చూసి ఒళ్లు మండిపోయింది జోర్నిత్సకు. రెండేళ్ల కిందటే పట్నం నుంచి వచ్చి ఆ ఊళ్లో మందుల షాపు పెట్టింది. మాత్రలు చేతిలో పెట్టి ఎప్పుడెప్పుడు వేసుకోవాలో అరగంట విడమరిచి చెబితే, అంతా విని జనం, "సరేనమ్మా, ఇది వేసుకుని ఎవరింటికి వెళ్లాలి?" అని అడిగేవాళ్లు. ఆ ప్రశ్న విన్న ప్రతిసారీ తన చదువంతా ఆ ఊరి వాగులో కొట్టుకుపోయినట్టే ఉండేది ఆమెకు.

డిసెంబరులో ఒక రోజు వెలికా అనే ఆవిడ బీపీ మాత్రల కోసం వచ్చింది. జోర్నిత్స బీపీ చూసింది. నూట డెబ్బై. వెలికా సంచిలో సీసా నిండా క్యాబేజీ ఊట. ఒట్టి ఉప్పు! జోర్నిత్స ఆ సీసా ఎవరికని అడగలేదు. అడిగి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటుంది.

మర్నాడు బ్రెడ్డు షాపు దగ్గర వరసలో తెమెనుగ అవ్వ కనిపించింది. వెనక పది మంది ఉన్నారు.

"అవ్వా, బీపీ ఉన్నవాళ్లకి ఉప్పునీళ్లు పట్టిస్తున్నావే, ఎవరైనా పడిపోతే నువ్వు లేపుతావా?"

"నేను పట్టించలేదే అమ్మాయీ."

"నా కళ్లతో చూశాను. అయినా ఈ పీపా, ఆ పీపా ఏంటి? ఉప్పు ఏ పీపాలో ఉన్నా ఉప్పే. పంతలేయ్ తాత నీళ్లలో ఏముంది, మన అందరి నీళ్లలో లేనిది? ఏమీ లేదు! ఉందని ఒక్క ముక్క రుజువు చూపించు, రేపే షాపు మూసేస్తాను."

ఊరంతా నోటికి జడిసే మనిషి అవ్వ. ఇప్పుడు వీధి దద్దరిల్లుతుందని అందరూ ఒక అడుగు వెనక్కి వేశారు. అవ్వ నోరు తెరిచింది. వరస వైపు ఒకసారి చూసింది. మళ్లీ మూసేసుకుంది.

"చదువుకున్నదానివి. నువ్వే సరిగ్గా చెప్పావేమో," అని రొట్టె చంకలో పెట్టుకుని వెళ్లిపోయింది.

గెలిచానని జోర్నిత్స సంబరపడింది. షాపు తలుపు మీద కాగితం కూడా అంటించింది: ఊట మందు కాదు, బీపీ ఉన్నవాళ్లు తాగరాదు. అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. జనం చదివారు, తలూపారు, పీపాల కోసం తిరగడం మానేశారు. అవ్వను ఎవరైనా మందు అడిగితే, "షాపుకెళ్లండి, అక్కడ అన్నీ ఉన్నాయి," అనేది. నిన్న ఏం తిన్నావని కూడా అడిగేది కాదు.

జనవరి ఆఖర్న పంతలేయ్ షాపుకొచ్చాడు. కుడిచేతికి మోచేతి దాకా కట్టు.

"నొప్పికేమన్నా ఇవ్వమ్మా. బకెట్ ఎత్తబోయి మెట్ల మీద పడ్డాను."

"నీ తుంటితో బకెట్ ఎత్తడమేంటి తాతా? ఇన్నాళ్లూ ఎవరు పోసేవాళ్లు?"

"రోగులు పోసుకునేవాళ్లు. రోజుకొకళ్లు వచ్చేవాళ్లు. తలనొప్పనీ, కడుపనీ. తెమెనుగ పంపేది." కాసేపు కౌంటరు మీద వేలితో గీతలు గీశాడు. "ఇప్పుడెవరూ రావట్లేదు. నీళ్లలో గుణం పోయిందని ఊళ్లో అనుకుంటున్నారట. నిజమేనేమో. క్యాబేజీ కూడా కుళ్లిపోయింది."

జోర్నిత్స మాత్రల పట్టీ అతని చేతిలో పెట్టింది. అవ్వ ఇంకా ఎవరెవరి పీపాలు చెప్పేదో అప్పుడు గుర్తు చేసుకుంది. చూపు ఆనని స్తమెనా. పక్షవాతం వచ్చి ఒక చెయ్యి పడిపోయిన పోస్ట్‌మాన్. అందరూ ఒంటరివాళ్లే, బకెట్ ఎత్తలేనివాళ్లే. రెండేళ్లు కళ్లముందే జరిగినా ఈ సంగతి తనకు తట్టలేదు. మనసులో తనను తాను తిట్టుకుంటూ, ఆ సీసా ఎవరికని అడగడానికి వెలికా ఇంటికి పరిగెత్తింది.

"ఆ సీసానా?" వెలికా నవ్వింది. "అది మా ఆయనకి! పెళ్లివిందులో తప్పతాగి వచ్చాడు, మత్తు దిగడానికి పట్టించాను. నన్ను అవ్వ చుక్క ముట్టనిస్తేగా! నువ్వు ఊరికే తోడు, వాసన చూడు, నీ రోగానికి అదే చాలు అనేది."

అక్కణ్నుంచి జోర్నిత్స తిన్నగా అవ్వ ఇంటికి వెళ్లింది. అవ్వ ఉల్లిపాయలు ఒలుస్తోంది, తలెత్తలేదు.

"తప్పయిపోయిందవ్వా. ఆ రోజే నాకు అసలు సంగతి చెప్పి ఉండొచ్చుగా?"

"అంతమంది ముందా? పంతలేయ్ నీ వెనకే నిలబడ్డాడు."

ఆ రోజు వెనక ఎవరున్నారో జోర్నిత్స తిరిగి చూడనేలేదు.

"సాయం చేస్తామంటే వాడు తలుపేసుకుంటాడు," అంది అవ్వ. "మందిమ్మని అడిగితే చొక్కా మార్చుకుని మరీ తీస్తాడు. నేను మాత్రం ఏం చెయ్యను?"

"ఇప్పుడు నేనేం చెయ్యాలవ్వా?"

"చెయ్యడానికేముంది? ఈ చలికాలం అయిపోయింది. కుళ్లింది కుళ్లిపోయింది." అవ్వ కళ్లు తుడుచుకుంది. ఉల్లిపాయల వల్లనేనని వెంటనే చెప్పింది కూడా. "వాడితో మాత్రం ఏదీ చెప్పకు. చెప్పావంటే వచ్చే నవంబరులో పీపా నింపడు."

మర్నాడు జోర్నిత్స పాత గౌను వేసుకుని పంతలేయ్ తలుపు తట్టింది. అబద్ధం చెప్పడానికి మనసొప్పలేదు. దారంతా వెతికితే ఒక నిజం దొరికింది.

"తాతా, నీ పీపాలో ఉన్న గుణం నా షాపులో లేదు. ఆ రోజు నేను తప్పు మాట్లాడాను. వచ్చే ఏడాది కోసం పీపా కడిగిపెడతాను, తలుపు తియ్యి."

రెండు నిమిషాల తర్వాత, ఒంటి చేత్తో వంకరటింకరగా గుండీలు పెట్టుకున్న తెల్ల చొక్కాతో పంతలేయ్ తలుపు తీశాడు.

నేలమాళిగలో కంపుకి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆమె కుళ్లిన క్యాబేజీ ఎత్తబోతుంటే పంతలేయ్ ఆపాడు. ఎడంచేత్తో కుళాయి తిప్పి, ఊట కప్పు నిండా పట్టి అందించాడు.

"పారబోసేముందు తాగమ్మా. మళ్లీ నవంబరు దాకా దొరకదు."

జోర్నిత్స కప్పు వైపు చూసింది. ఆశగా నిలబడ్డ ముసలాయన వైపు చూసింది. ముక్కు మూసుకుని మూడు గుక్కల్లో తాగేసింది.

"ఎలా ఉంది?"

"గుణం... అప్పుడే తెలుస్తోంది తాతా."

ఆ మధ్యాహ్నం నుంచి మందుల షాపు మూసే ఉంది. సాయంత్రానికి తెమెనుగ అవ్వ విరేచనాలు కట్టే ఎండు బ్లూబెర్రీల కషాయం కాచి, చెంబుతో సహా తనే మోసుకొచ్చి ఆమె మంచం పక్కన కూర్చుంది.

"తాగు పిల్లా. ఇది మా ఇంటిదే. నువ్వు ఎక్కడికీ వెళ్లక్కర్లేదు."